నిన్నటి మాట: తెలుగు, ఉర్దూ, స్పానిష్ భాషలలో భూతకాల క్రియ

మఠంపల్లి మండలపు దక్షిణపు అంచున కృష్ణానది ప్రవహించుచున్నది. ఈవలి గట్టున మట్టపల్లి, ఆవలి గట్టున పల్నాటి సీమ. పడవలో దాటిన అరగంట పట్టదు గాని, ఇటువారు “తమ్ముడు వచ్చిండు” అందురు, అటువారు “తమ్ముడు వచ్చాడు” అందురు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిదప, ఎడమ కాలువ క్రింద హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములకు కోస్తా జిల్లాల రైతులు పెక్కుమంది వచ్చి స్థిరపడిరి. అంతవరకు నదిగట్టున నిలిచియున్న ఆ భేదము నాటినుండి మన వీధులలోనికి, తరగతి గదులలోనికి వచ్చినది. నేడు ఒకే బల్లమీద కూర్చున్న ముగ్గురు విద్యార్థులలో ఒకడు “తమ్ముడు వచ్చిండు” అనును, వేరొకడు “వచ్చాడు” అనును, మూడవవాడు “భాయీ ఆయా” అనును. ముగ్గురు చెప్పిన వార్త ఒక్కటే.

వీటిలో ఏది ఒప్పు అని ఎవరైన అడిగినపుడు మన విద్యార్థులు తలలు వంచుకొందురు. ఇంట పలికిన మాటను జవాబు పత్రమున వ్రాసి, దానిపై ఎఱ్ఱ సిరా గీత పడగా చూచిన అనుభవము వారిలో అనేకులకు కలదు. ఉర్దూ మాధ్యమమున చదువు విద్యార్థికి ఈ బాధ రెండింతలు. తెలుగు పత్రమున “వచ్చిండు” తప్పనిపించుకొనును. ఉర్దూ పత్రమున “మై ఖానా ఖాయా” అని వ్రాసినచో “నే” ఏమైనదని గద్దింపు వచ్చును. రెండు భాషలు తెలిసినవాడు రెండు భాషలలోను దోషియగుట వింతయే. మేము ఈ వ్యాసమున ఆ రెండు ఎఱ్ఱ గీతలను గూర్చి చెప్పదలచినాము. స్పానిష్ భాష ఇందులోనికేల వచ్చినదని పాఠకులు అడుగవచ్చును. ఇంటి గోడ తిన్నగా ఉన్నదో వంకరగా ఉన్నదో చూడదలచినవాడు నాలుగడుగులు దూరముగా పోయి నిలుచును గదా. అట్టి దూరము కొరకే దానిని పిలిచినాము.

ముందుగా తెలుగు సంగతి. “చేసిన పని”, “వచ్చిన మనిషి”, “పండిన చేను” అనునపుడు చేసిన, వచ్చిన, పండిన అనునవి క్రియనుండి పుట్టిన విశేషణములు. మన వ్యాకర్తలు వీనిని భూతకాలిక ధాతుజ విశేషణములందురు. వీనికి ‘వాడు’ చేర్చినచో చేసినవాడు, వచ్చినవాడు అగును. ఆ ‘వాడు’ అనుదాని తొలి వకారము జారినచో చేసినాడు, వచ్చినాడు. అనగా మనము భూతకాల క్రియ అనుకొనునది పుట్టుకచేత “చేసిన అతడు” అను వర్ణనమే. జరిగిన పనిని చెప్పుటకు తెలుగు ఆ పని చేసిన మనిషిని చూపినది. చేసినాను, చేసినావు, చేసినాము, చేసినారు అను రూపములును ఇట్టివే.

కావ్యభాషలో మఱియొక వరుస కలదు. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున క్రియా పరిచ్ఛేదము చదివినవారికి అది పరిచితమే: చేసితిని, చేసితివి, చేసెను, చేసితిమి, చేసితిరి, చేసిరి. ఈ వ్యాసమున మేమును అక్కడక్కడ “స్థిరపడిరి” వంటి రూపములు వాడుచున్నాము. కాని అవి గ్రంథములందు నిలిచినవి. నోట నిలిచినది “చేసినాడు” వంశమే.

ఇక ఆ వంశములోని అన్నదమ్ముల తగవు చూతము. “చేసినాడు” అను మాటను త్వరగా పలికినపుడు ఏదో ఒకటి జారక తప్పదు. కోస్తావారి నోట నడుమ నున్న నకారము జారినది. దీర్ఘమైన ‘ఆ’ మిగిలినది. చేసి, ఆడు కలసిపోయి, ఇకారపు ప్రభావమున సకారము శకారమై “చేశాడు” అయినది. మన వైపు నకారము నిలిచినది, దీర్ఘము జారినది. చేసిన్‌డు అయి, డకారము ప్రక్కన నకారము ణకారముగా మాఱి “చేసిండు” అయినది. ఒకరు నకారము పోగొట్టుకొని ఆకారము దాచుకొనిరి. మఱియొకరు ఆకారము పోగొట్టుకొని నకారము దాచుకొనిరి. నేను చేశాను, నేను చేసిన. మేము చేశాము, మేము చేసినం. వారు చేశారు, వాళ్ళు చేసిన్రు. అన్నింట ఇదే పద్ధతి. ఇందులో ఒకటి శుద్ధము, ఒకటి అపభ్రంశము అనుటకు వ్యాకరణమున ఆధారము లేదు. రెండును “చేసినాడు” నుండి ఒకే దూరము నడచినవి, త్రోవలు మాత్రమే వేఱు.

“చేసిండు” అనగానే నవ్వువారికి మేము ఒక్క మాట గుర్తుచేయుదుము. వారు ఆడువారిని గూర్చి, పశుపక్ష్యాదులను గూర్చి, బస్సును గూర్చి ఏమందురు? “అమ్మ చేసింది”, “బస్సు వచ్చింది” అందురు. చేసిన, అది కలసి “చేసినది”. నడిమి అకారము జారి “చేసింది”. ఇచ్చట నకారము సున్నగా నిలిచియేయున్నది. “చేసిండు” పుట్టిన విధానమే “చేసింది” పుట్టిన విధానము. కోస్తాలో అమ్మకు ఒప్పైనది తెలంగాణమున తమ్మునికి తప్పెట్లగును? నదికి రెండు గట్లమీదను బస్సు “వచ్చింది” గానే వచ్చుచున్నది.

తెలుగు క్రియలో చిత్రములు ఇంకను కలవు. ఏకవచనమున స్త్రీ అమహత్తుల వరుసలో చేరి “వచ్చింది” అగును. బహువచనమున పురుషులతో కూడి “వచ్చారు” అగును. అందుచేత “ఆయన వచ్చారు, ఆమె వచ్చారు” అను గౌరవ వాక్యములలో ఆడమగ తేడా కనబడదు. “ఉన్నాడు” అనునది మఱియు చిత్రము. దాని అచ్చు భూతకాలపు అచ్చు: తిన్నాడు, కన్నాడు, అన్నాడు, ఉన్నాడు. కాని “తమ్ముడు ఇంట్లో ఉన్నాడు” అన్నచో ఈ క్షణమున ఉన్నాడనియే అర్థము. భూతకాలపు చొక్కా తొడిగికొని వర్తమానమున తిరుగు క్రియ ఇది. పరభాషీయులకు తెలుగు నేర్పునపుడు ఈ ఒక్క మాట దగ్గర గంట పట్టును.

ఉర్దూ కథ వేఱు దారిన నడచినను మూలము ఒక్కటే రకము. సంస్కృతమున “బాలకః గతః” అనవచ్చును: బాలుడు పోయినవాడు. “గత” నుండి “గయా” వచ్చినది. అకర్మక క్రియలతో ఏ చిక్కును లేదు. లడ్కా గయా, లడ్కీ గయీ. సకర్మక క్రియ వచ్చినపుడు సంస్కృతము “బాలకేన ఫలం ఖాదితమ్” అనును. ఇచ్చట ఖాదితమ్ అనునది ఫలమునకు విశేషణము, బాలునికి కాదు. బాలుడు తృతీయా విభక్తిలో ప్రక్కకు ఒదిగి నిలుచును. “ఖాదిత” నుండి “ఖాయా” వచ్చినది. ఒదిగియున్న కర్తకు ఉర్దూ “నే” అను గుర్తు పెట్టినది. కావుననే “లడ్కే నే రోటీ ఖాయీ”: తిన్నవాడు మగపిల్లవాడు, క్రియ మాత్రము స్త్రీలింగము, ఏలయన రోటీ స్త్రీలింగము. “లడ్కీ నే ఆమ్ ఖాయా”: తిన్నది ఆడపిల్ల, క్రియ పుంలింగము, ఏలయన ఆమ్ పుంలింగము. కర్మకు “కో” చేరినచో క్రియ ఎవరివైపును చూడక పుంలింగ ఏకవచనమున నిలిచిపోవును. లానా, బోల్నా, భూల్నా వంటి కొన్ని క్రియలు “నే” ను దరికి రానీయవు. వీనిలో లానా అనునది “లే ఆనా” కలసి ఏర్పడినది. ఆనా అకర్మకము గనుక దాని స్వభావమే నిలిచినది. మిగిలినవానిని కంఠస్థము చేయుటయే మార్గము.

తెలుగు విద్యార్థికి ఇది మొదట తలక్రిందులుగా తోచును. మనకు కర్త ఎవరో క్రియ వారిదే. మనము “పిల్లవాడు రొట్టె తిన్నాడు” అందుము. రొట్టెను చూచి “తిన్నది” అనము.

దక్కనీ ఉర్దూ పలుకువారును అనరు. మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వీధులలో వినబడునది “లడ్కీ ఆమ్ ఖాయీ”, “హమ్ ఖానా ఖాయే”. “నే” లేదు, క్రియ కర్తతోనే నడచును. తెలుగు, కన్నడము వంటి ద్రావిడ భాషల నడుమ శతాబ్దములుగా నివసించుటచే ఇట్లయినదని భాషావేత్తలు చెప్పుచున్నారు. అవధీ, భోజ్‌పురీ వంటి తూర్పు భాషలలోను “నే” లేదు గనుక, మొత్తము పుణ్యము తెలుగుకే కట్టిపెట్టుట తొందరపాటగునని మా అభిప్రాయము. అయినను తెలుగు ముద్ర దక్కనీపై గాఢముగా పడినదనుటకు వేఱు సాక్ష్యము కలదు. “వాడు వస్తనని చెప్పిండు” అను మన వాక్యమును దక్కనీవారు “ఉనే ఆతూఁ బోల్‌కే బోలా” అందురు. మన “అని” ఎచ్చట కూర్చుండునో వారి “బోల్‌కే” అచ్చటనే కూర్చున్నది. ఢిల్లీ, లక్నోల ఉర్దూలో “కే” ముందు వచ్చి, చెప్పిన మాట తరువాత వచ్చును.

దక్కనీని చెడిపోయిన ఉర్దూ అనుకొనువారు దాని వయస్సు చూడవలెను. 1580 నుండి 1612 వరకు గోల్కొండను ఏలిన మహమ్మద్ కులీ కుతుబ్ షా ఈ భాషలో కవి. వజ్‌హీ వ్రాసిన సబ్ రస్ 1635 నాటి గద్యగ్రంథము. ఉత్తరాదిన ఉర్దూ కవిత్వము పేరుపొందుటకు ముందే ఇచ్చట దివాన్లు వెలసినవి. అట్టి భాషలో పెరిగిన పిల్లవాడు “నే” మఱచినపుడు వానికి తెలివి తక్కువని తలచుట అన్యాయము. వాడు వేఱొక వ్యాకరణమును చక్కగా పాటించుచున్నాడు.

ఇక నాలుగడుగులు దూరము పోదము. స్పానిష్ 20 దేశములలో అధికార భాష. పైచదువులకు, ఉద్యోగములకు అమెరికా వెళ్ళిన మన ప్రాంతపు పిల్లలు ఆంగ్లము తరువాత అచ్చట ఎక్కువగా వినునది ఆ భాషనే. 1492లో ఆంతోనియో దె నెబ్రిహా దానికి వ్యాకరణము వ్రాసెను. ఆధునిక ఐరోపా దేశభాషలలో ముద్రితమైన వ్యాకరణమునకు అదియే తొలి ఉదాహరణము. గ్రనాడా పతనమై, అంతకు 781 సంవత్సరములకు ముందు 711లో అచ్చట ఆరంభమైన ముస్లిము పాలన అంతరించినదియు ఆ ఏటనే.

క్రింది రూపములలో దీర్ఘము ఉన్నచోట స్వరము నొక్కి పలుకవలెనని పాఠకులు గ్రహింతురు గాక. అబ్లార్ అనగా మాట్లాడుట, కొమేర్ అనగా తినుట, బిబీర్ అనగా జీవించుట. ఆర్, ఏర్, ఈర్ అను మూడు తోకలే ఆ భాషలోని క్రియలన్నింటికిని గణములు. తోకను కోసి భూతకాల ప్రత్యయములు తగిలింతురు. నేను మాట్లాడితిని: అబ్లే. నీవు: అబ్లాస్తె. అతడు గాని ఆమె గాని: అబ్లో. మేము: అబ్లామొస్. మీరు: అబ్లాస్తెయిస్. వారు: అబ్లారొన్. రెండవ, మూడవ గణములకు ఒకే వరుస: కొమీ, కొమీస్తె, కొమ్యో, కొమీమొస్, కొమీస్తెయిస్, కొమ్యేరొన్. మన భాషవలెనే ప్రత్యయమే పురుషను తెలుపును గనుక ‘నేను’, ‘నీవు’ అను మాటలు వదలివేయవచ్చును. “తిన్నావా?” అనుటకు “కొమీస్తె?” చాలును. లింగభేదము మాత్రము లేదు. “చేశాడు, చేసింది” అను తేడా వారికి తెలియదు.

ఇందులో నొక్కి పలుకుట ప్రాణము. “ఆబ్లొ” అన్నచో నేను మాట్లాడుచున్నాను; “అబ్లో” అన్నచో అతడు మాట్లాడెను. “అబ్లామొస్” అనునది మాట్లాడుచున్నామనుటకును, మాట్లాడితిమనుటకును ఒక్కటే, సందర్భమునుబట్టి తెలిసికొనవలెను. పోవుట అను క్రియ, అగుట అను క్రియ భూతకాలమున ఒకే రూపము దాల్చును: ఫుయీ అనగా “పోయితిని”, “అయితిని” కూడ. “అతడు వచ్చెను” అనుటకు బీనొ అందురు. ద్రాక్షసారాయమును కూడ బీనొ అనియే అందురు. మన “పడు, పడ్డాడు”, “ఉండు, ఉన్నాడు”, “వస్తాడు, వచ్చాడు” వలెనే వారికిని నిత్యము నోట నానెడి క్రియలే నియమము తప్పును. అరుదుగా వాడు క్రియలు బుద్ధిగా సూత్రము పాటించును.

లాటిన్ నుండి ఈ రూపములు వచ్చిన తీరు మన తగవును గుర్తుచేయును. పాడితిని అనుటకు లాటిన్‌లో కాంతావీ. నడుమ నున్న వకారము జారి, మిగిలిన అచ్చులు కలసిపోయి స్పానిష్‌లో “కంతే” అయినది. కాంతావిట్ అనునది “కంతో” అయినది. “చేసినాడు” లోని నకారము జారి “చేశాడు” అయినట్లే గదా! నియమమున్నచోట జారుట దోషము కాదు, నడక.

మన విద్యార్థులకు తేలికైన భాగము ఇంకొకటి. స్పానిష్ భూతకాలమునకు రెండు ముఖములు. ఒకసారి జరిగి ముగిసినది “అబ్లో”. అలవాటుగా జరుగుచుండినది, లేక అపుడు నడుచుచుండినది “అబ్లాబ”. తినుట విషయమున “కొమ్యో”, “కొమీయ”. ఆంగ్లము ద్వారా నేర్చువారు ఈ భేదము దగ్గర చాల కష్టపడుదురు. మనకు పుట్టుకతోనే వచ్చినది: “తాత చెప్పాడు”, “తాత చెప్పేవాడు”. మన వైపు “తాత చెప్పిండు”, “తాత చెప్తుండె”. ఉర్దూలో “కహా”, “కహ్తే థే”. “కొనొసీ” అన్నచో పరిచయమైనదని, “కొనొసీయ” అన్నచో అప్పటికే పరిచయము కలదని అర్థము. మన “తెలిసింది”, “తెలిసి ఉండేది” అను జంట ఇట్టిదే. ఈ రెండవ ముఖమున నియమము తప్పు క్రియలు మూడంటే మూడే: అగుట, పోవుట, చూచుట.

మూడవ పద్ధతి మా వాదమునకు ముఖ్యమైనది. “ఎ ఎస్క్రీతొ” అనగా వ్రాసియున్నాను. ఇందు ‘ఎ’ అనునది ‘కలిగియున్నాను’ అను పాత క్రియ. లాటిన్‌లో “నాకు వ్రాయబడిన జాబు కలదు” అను వాక్యమునుండి ఇది పుట్టినది. అప్పుడు ‘వ్రాయబడిన’ అనునది జాబునకు విశేషణము. జాబు, అనగా కార్త, స్త్రీలింగము గనుక మధ్యయుగపు స్పానిష్‌లో కర్మ స్త్రీలింగమైనపుడు “ఎస్క్రీత” వంటి స్త్రీలింగ రూపము వాడుచుండిరి. “లడ్కే నే రోటీ ఖాయీ” అనుదానికి ఇది దూరపు బంధువు. క్రమముగా స్పెయినువారు కర్మవైపు చూచుట మానివేసిరి; ఏ లింగమైనను నేడు “ఎ ఎస్క్రీతొ” అనియే అందురు. దక్కనీవారు మానివేసినదియు కర్మవైపు చూచుటనే. స్పెయినులో జరిగినది వ్యాకరణ పరిణామమని పుస్తకములు చెప్పుచున్నవి. మన ఊరిలో జరిగినది పొరపాటని ఎఱ్ఱ సిరా చెప్పుచున్నది.

గౌరవ వాచకముల విషయమున కూడ పోలిక కలదు. స్పానిష్‌లో పెద్దలను ‘మీరు’ అనుటకు “ఉస్తేద్” అందురు. ‘తమ దయ’ అను అర్థముగల పదబంధము కుదించుకొనిపోయి అట్లయినది. అందుచే దానితో ప్రథమ పురుష క్రియయే వచ్చును: “ఉస్తేద్ అబ్లో”. ఉర్దూలో “హుజూర్ నే ఫర్మాయా” అనునపుడు ఎదుటివానినే పరోక్షముగా చెప్పుదుము గదా.

అరబ్బీనుండి స్పానిష్‌లోనికి వేలకొలది మాటలు చేరినవి. చక్కెరకు అసూకర్, ప్రత్తికి అల్గొదోన్, నూనెకు అసేయితె. ‘వరకు’ అను అర్థమున వాడు ఆస్త అనునది అరబ్బీ “హత్తా” నుండి వచ్చినది. ఉర్దూ చదివినవారు దానిని వెంటనే గుర్తింతురు. కోరికను తెలుపు “ఒహలా” అనుదానిలో అల్లాహ్ నామము దాగియున్నది. ఇన్ని చేరినను భూతకాల ప్రత్యయములలో అరబ్బీ ఒక్కటియు లేదు, అవన్నియు లాటిన్‌వే. సంతలో సరకులు మాఱినట్లు మాటలు మాఱును గాని క్రియా ప్రత్యయములు అంత సులభముగా చేతులు మాఱవు. దక్కనీ కూడ తెలుగునుండి వాక్యపు అమరికను తీసికొన్నది గాని ప్రత్యయమును తీసికొనలేదు.

కావున విద్యార్థులు చేయవలసినది ఏమి? పరీక్షలో “వచ్చాడు” వ్రాయుడు. ఉర్దూ పత్రమున “నే” పెట్టుడు. లిఖిత భాషకు ఒక కట్టుబాటు అవసరము. ఉద్యోగ పరీక్షలలో మార్కులు పోగొట్టుకొని వాదించి లాభము లేదు. కాని ఉపాధ్యాయులు దానిని “తప్పు” అనక “ఇది ఇంటి రూపము, ఇచ్చట వ్రాత రూపము వ్రాయుము” అన్నచో ఎంత తేడా వచ్చునో చూడవలెను. “నే” ను నేర్పునపుడు దక్కనీ వాక్యమును ప్రక్కన వ్రాసి, రెండింటిని పోల్చి చూపినచో పిల్లలు ఒక్క వారములో పట్టుకొందురు; దాచిపెట్టి నేర్పినచో ఏండ్లు గడచినను పట్టుబడదు. పలుకుబడిని బడిలోనికి రానీయవలెనని జీవితమంతయు పోరిన కాళోజీ నారాయణరావు (1914–2002) జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినముగా ఇప్పుడు జరుపుకొనుచున్నాము. ఆ దినమున ఉపన్యాసములతోపాటు నల్లబల్లపై ఈ రెండు వరుసలు వ్రాసి చూపినను బాగుండును.

తెలుగు ఉర్దూలు భూతకాలమున ఎదురుపడిన చోటు ఒకటి మిగిలినది. సతాయించిండు, దబాయించిండు, బనాయించిండు, చలాయించిండు, ఫిరాయించిండు. ఈ మాటలు కోస్తాలోను “సతాయించాడు, దబాయించాడు” అని చెల్లుచున్నవి. సతానా, దబానా, బనానా అనునవి ఉర్దూ క్రియలు. వాని భూతరూపములు సతాయా, దబాయా, బనాయా. తెలుగులోని ‘సతాయ్’, ‘దబాయ్’, ‘బనాయ్’ అను భాగములను వీనితో పోల్చినచో పోలిక కొట్టవచ్చినట్లు కనబడును. దానిపై మన వ్యాకర్తలు చెప్పిన ఇంచుక్కు చేరినది. ఆపై మన భూతకాలము చేరినది. అనగా “సతాయించిండు” అను ఒక్క మాటలో ఉర్దూ నిన్నయు, తెలుగు నిన్నయు ఒకదానివెనుక ఒకటి కూర్చున్నవి. మఠంపల్లిలో దీనిని పలుకని ఇల్లు లేదు. పలుకునపుడు ఎవరును ఇది ఏ భాష అని ఆగి అడుగుట లేదు.